అమ్మమ్మలా మాట్లాడే పుస్తకం

"ఇది వద్దమ్మా. ఇందులో అందరూ టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడుతున్నారు. పాతదాంట్లో అయితే అమ్మమ్మలా మాట్లాడతారు. అది చదువు."

ఈ మాట అని మా పదకొండేళ్ళ పిల్ల అటు తిరిగి పడుకుంది. మొన్న వేసవి సెలవుల్లో, విజయనగరంలో, మా అమ్మ ఇంటి డాబా మీద. నాకు కోపం వచ్చింది. నీకు తెలుగు చదవడం రాదు, చదివి వినిపిస్తుంటే వంకలు పెడతావా అని కసిరాను. మొదలుపెట్టింది పూర్తి చెయ్యాలని కూడా చెప్పాను. నిజానికి ఆ నవల నేనూ నలభై పేజీలు దాటలేదు. అదే రచయితవి అంతకుముందు కొన్న రెండు నవలల ప్లాస్టిక్ కవరైనా చింపలేదు.

ఆ రచయిత మా వైపు వారే, పేరు రాయను. ఇంటర్ రోజుల్లో ఆయన సీరియల్ కోసం, వారపత్రిక వచ్చే రోజున గంటస్తంభం దగ్గర కొట్టు ముందు నిలబడేదాన్ని. తొలి నవల నాతోపాటే డాలస్ వచ్చింది. అందులో ఒక ముసలమ్మ పెరట్లో తేగలు తంపటి వేస్తూ "ఏటే గుంటా, బేగి రా" అని మనవరాల్ని పిలుస్తుంది. ఆ చోటు రాగానే మా పిల్ల లేచి కూర్చుంటుంది. వాళ్ళమ్మమ్మ పిలిచేదీ అలాగే మరి. తంపటి అంటే ఏమిటని ఈసారి అడిగితే, కుండలో తేగలు కూరి, బోర్లించి, చుట్టూ ఎండుటాకులు వేసి ఎలా కాలుస్తారో అమ్మ చేతులు తిప్పుతూ చూపించింది.

తర్వాతి నవలల్లో ఆ పెరడు లేదు. కొడుకులూ కూతుళ్ళూ అమెరికాలో ఉంటారు. ఆయన కలంలో చేవ తగ్గిందని ఏళ్ళ తరబడి అందరితో చెప్పాను. మా నాన్న మాత్రం ఒప్పుకునేవారు కాదు. గురజాడ 1897లో అచ్చేసిన కన్యాశుల్కాన్ని బాగా తిరగరాసి 1909లో మళ్ళీ వేశారు, మనం నెత్తిన పెట్టుకున్నది ఆ రెండోదే కదా అనేవారు. కథకులు కాళీపట్నం రామారావు, అదే కారా మాస్టారు, తన కథలు రాయడం తగ్గించి, అందరి కథలూ పోగుచేసి 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అని కథల గ్రంథాలయం పెట్టారు. పిల్లని అక్కడికీ తీసుకెళ్ళాను. అలా నెమ్మదించిన వారి మీద నాకెంతో గౌరవం. ఇంకా రాస్తున్న ఈయన మీద నాకెందుకింత పట్టుదల?

పిల్ల నిద్రపోయాక ఆ నవల మళ్ళీ తెరిచాను. భాష పేలవంగానే ఉంది, పిల్ల అన్నది నిజమే. నలభయ్యో పేజీలో, అమెరికాలో ఉన్న కూతురు ఆదివారం ఫోన్ చేస్తుంది. "తిన్నావా? మందులేసుకున్నావా? సరే, ఉంటా." తల్లి ఏదో చెప్పబోతుంది, ఈలోపు ఫోన్ పెట్టేస్తుంది. ఆ మూడు ముక్కలూ నావే. ఇదివరకు నేను పుస్తకం మూసేసిందీ ఆ పేజీలోనే.

పిల్లలకి మన యాసలో ఉన్న కథలే చదివి వినిపించండి అని తోటి తల్లులకి ఎన్నోసార్లు చెప్పాను. ఇప్పటికీ అదే అంటాను. కానీ నేను ఈ నవలలు పక్కన పెట్టింది యాస లేదనా, నన్ను చూపించారనా? ఎంత ఆలోచించినా తేలడం లేదు.

మర్నాడు పిల్లతో నాదే తప్పన్నాను. రాత్రి పాతదే చదువుకున్నాం.

తిరిగొచ్చేటప్పుడు సూట్‌కేసు బరువైపోయిందని కొత్తవి మూడూ అమ్మ దగ్గరే వదిలేశాను. తూచి మాత్రం చూడలేదు. మొన్న ఆదివారం ఫోన్ చేస్తే వాటిలో ఆ నవలే చదువుతున్నానంది, సగం అయిందట. ఎలా ఉందమ్మా అని అడగలేకపోయాను. మందుల సంగతి నోటిదాకా వచ్చింది. ఆపుకుని, "ఇంకేటమ్మా కబుర్లు" అన్నాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పెరట్లో కొబ్బరిచెట్టు ఎండిపోతోందని మొదలుపెట్టింది.