రెండు వృత్తాలు, ఒక కోడలు

ఆర్థర్ ఆరన్ అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడి పరిశోధనను ఒంగోలులో మా డిగ్రీ విద్యార్థులకు ఏటా పాఠంగా చెబుతుంటాను. న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆయన, భార్య ఎలైన్‌తో కలిసి 1980ల నుంచి ఒక ప్రశ్నను పట్టుకున్నారు: ప్రేమలో పడిన మనిషిలో 'నేను' అన్న భావన ఏమవుతుంది? అది విస్తరిస్తుందని, అవతలి మనిషి చూపు, పరిచయాలు, అభిరుచులు కొంతవరకు మనవైపోతాయని వారి సిద్ధాంతం. 1995లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 325 మంది విద్యార్థులను పది వారాల్లో ఐదుసార్లు 'ఈరోజు నువ్వెవరు?' అని అడిగి, మనసుకు తోచినవన్నీ రాయమన్నారు. ఆ మధ్యలో ప్రేమలో పడినవారు తమ గురించి మునుపటి కంటే ఎక్కువ రకాల సంగతులు రాశారు. అంతకుముందు, 1992లో, సాన్నిహిత్యాన్ని కొలవడానికి రెండు వృత్తాలతో ఏడు బొమ్మలు తయారుచేశారు; మొదటి బొమ్మలో వృత్తాలు విడివిడిగా ఉంటాయి, చివరిదానిలో దాదాపు కలిసిపోతాయి.

బొమ్మలు చూపించగానే తరగతిలో నవ్వులు మొదలవుతాయి, అది మామూలే. నన్ను ఆలోచింపజేసింది మాత్రం చీమకుర్తి నుంచి బస్సులో వచ్చే ఒక పెళ్లయిన అమ్మాయి మాట. ఆమెది మేనరికం. టంగుటూరు దగ్గర పుట్టిల్లు, సొంత మేనత్త కొడుకుతోనే పెళ్లి. "బావ నాకేం కొత్త కాదు మేడం, పెళ్లయ్యాక అత్తే కొత్తయింది" అంది. చిన్నప్పుడు సెలవులకు వెళితే ఒళ్లో కూర్చోబెట్టుకొని అన్నం కలిపి పెట్టిన మనిషే ఇప్పుడు కూరలో ఉప్పు సంగతి అడుగుతుందట. ఆరన్ సిద్ధాంతంలో కొత్తదనం తెచ్చేది ప్రేమించిన మనిషి. ఇక్కడ ఆ మనిషి పాతవాడే, ఇల్లు మాత్రం కొత్తది.

'ఈరోజు నువ్వెవరు?' అన్న అదే ప్రశ్నను మా తరగతిలోనూ అడిగితే, ఆమె రాసిన జవాబు అందరికంటే పొడవుగా ఉంది. చిన్న కోడలు, వదిన, పిన్ని, పొద్దున్నే పాలు కాచే మనిషి అంటూ సాగింది. నడుమ 'కబడ్డీ క్రీడాకారిణి' అని రాసి, దాని మీద ఒకే గీత కొట్టింది. కింద అక్షరాలు స్పష్టంగానే కనిపిస్తున్నాయి. లెక్క ప్రకారం ఆమె 'నేను' విస్తరించింది, కాదనలేం. కొట్టివేసిన దాన్ని ఏ ఖాతాలో వేయాలన్నది నా సందేహం. (ప్రేమ విఫలమైతే 'నేనెవరు' అన్న స్పష్టత తగ్గుతుందని 2010లో స్లాటర్, గార్డ్‌నర్, ఫింకెల్ అనే పరిశోధకులు చూపించారు. కానీ ఈమెది చక్కగా నిలిచిన కాపురం.)

ఆ బొమ్మల్లో ఒక్కో జంట వృత్తాలు సమానంగా ఉంటాయి; ఎంత దగ్గరయ్యారో చెబుతాయి గానీ, ఎవరు ఎటు జరిగి దగ్గరయ్యారో చెప్పవు. అది ఆరన్ తప్పని నేను అనను, ఆయన కొలవదలచుకున్నది సాన్నిహిత్యాన్నే. మన వైపు దంపతులకు మాత్రం ఇద్దరి జవాబులూ పక్కపక్కన పెట్టి చూడకపోతే సగమే తెలుస్తుంది.

ఆ అమ్మాయి తన భర్త చేత కూడా రాయించి తెచ్చింది. గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజర్, క్రికెట్ ఆటగాడు, స్నేహితులకు అప్పులిచ్చేవాడు అని మొదలైంది; 'భర్త' చివరికి దగ్గరలో వచ్చింది, 'అల్లుడు' రానే లేదు. ఒక్క జంట కాగితాలతో సిద్ధాంతాన్ని సవరించలేం కనుక, వచ్చే ఏడాది పెళ్లయిన విద్యార్థినులందరికీ రెండేసి కాగితాలు ఇచ్చి పంపాలనుకుంటున్నాను.