కార్పొరేట్ ఐసీయూ నుంచి నార్‌సెట్ దాకా: నా అనుభవం

కార్పొరేట్ ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తూ, ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ల నియామక పరీక్ష అయిన నార్‌సెట్ రాయాలా వద్దా అని నేను చాలా కాలం తర్జనభర్జన పడ్డాను. జీతం లెక్క మాత్రం క్షణంలో తేలిపోయింది. ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్‌కు ఏడో పే లెవెల్ ఇస్తారు. 44,900 రూపాయల మూలవేతనంపై కరవు భత్యం వగైరాలు కలుస్తాయి. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పాటైన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రులు నర్సులకు రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతమివ్వాలని సిఫారసు చేసింది. మా ఆసుపత్రిలో అంతకంటే ఎక్కువ పడకలే ఉన్నా, ఆ మాట ఎత్తినవారు లేరు.

నన్ను వెనక్కి లాగింది పని. వెంటిలేటర్ అలారం మోగితే ముందు రోగి ఛాతీ కదలిక చూసి, ట్యూబు మెలిక పడిందా, కఫం అడ్డుపడిందా అని తేల్చుకుని, అవసరమైతే సక్షన్ చేయడం నాకు అక్కడే అలవడింది. ప్రభుత్వ కొలువులో ఏ వార్డులో వేస్తారో మన చేతిలో ఉండదు. ఈ మాటే మా సీనియర్ సిస్టర్‌తో అంటే, "వెంటిలేటర్ మీదున్న ఇద్దరిని ఒక్కదానివే చూసుకుంటూ నేర్చుకుంటున్నది ఎంతమ్మా?" అని ఆవిడ ఎదురు ప్రశ్న వేశారు. పైగా నార్‌సెట్‌కు సాధారణ వయోపరిమితి 30 ఏళ్లు; ప్రైవేటు ఐసీయూకు ఆ గడువేమీ లేదు. దాంతో నా మనసు నార్‌సెట్ వైపే మొగ్గింది.

అసలు చిక్కు అనుభవ పత్రంతో వచ్చింది. బీఎస్సీ నర్సింగ్ చదివినవారికి ఈ బాధ లేదు కానీ, నాలాంటి జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్లకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం తప్పనిసరి. హెచ్‌ఆర్ వారు మొదట ఇచ్చిన కాగితంలో నా ప్రవర్తన బాగుందని రాశారే తప్ప, చేరిన తేదీ గానీ పడకల సంఖ్య గానీ లేవు. సరిచేయమంటే, రాజీనామా చేశాక చూద్దామన్నారు. చివరికి నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ చొరవ తీసుకోబట్టి హోదా, తేదీలు, పడకల సంఖ్య, ముద్ర అన్నీ ఉన్న పత్రం చేతికొచ్చింది. దరఖాస్తు చేసేవారు పుస్తకాల కంటే ముందు ఈ కాగితం సంగతి చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ప్రిలిమ్స్‌లో 100 ప్రశ్నలకు 90 నిమిషాలు. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోతుంది. అది అర్హతకే పరిమితం, ర్యాంకు మెయిన్స్ మార్కులతోనే వస్తుంది. ఐసీయూ ప్రశ్నలు నాకు సులువుగానే తోచాయి. ఏళ్లుగా ముట్టని టీకాల పట్టిక, ప్రసూతి పాఠాలు మాత్రం నైట్ డ్యూటీ దిగి వచ్చి, నిద్ర ఆపుకుంటూ చదవాల్సి వచ్చింది.

ప్రాధాన్య క్రమంలో మంగళగిరి, బీబీనగర్ పైన పెట్టినా, నా ర్యాంకుకు దక్కింది ఉత్తరాదిలోని ఎయిమ్స్. ఇంట్లో రెండు రోజులు పెద్ద చర్చే నడిచింది. అయినా చేరాను. ప్రస్తుతం సర్జరీ వార్డులో వేశారు. రోగులతో హిందీలో మాట్లాడటం అలవాటవుతోంది. ఐసీయూకు మార్చమని అర్జీ పెట్టుకున్నాను, రొటేషన్ వచ్చినప్పుడు పరిశీలిస్తామన్నారు.