ఆకుపచ్చ పిడి చాకు

ఆదివారం. తెల్లవారుజామున పట్టుకున్న వాన పదింటికి గానీ తెరిపివ్వలేదు. కార్తీకంలో శ్రీకాకుళానికి ఇలా ముసురు పట్టిందంటే గోడలు చెమరుస్తాయి, ఇనుప వస్తువేదైనా రెండు రోజుల్లో ఎర్రబారుతుంది. అందుకే బీరువా పైఅరలోంచి బిస్కెట్ల డబ్బా దించి, వరండాలో చాప వేసుకుని కూర్చున్నాను. అందులో పదకొండు మడత చాకులున్నాయి. ఏటా ఈ రోజుల్లో ఒక పూట వాటిది. పాత బనీను గుడ్డ, అరిగిన పళ్ల బ్రష్షు, కుట్టుమిషను నూనె ఉంటే చాలు. కొబ్బరినూనె మాత్రం వాడకూడదు. కొన్నాళ్లకు అది జిగురు కట్టి కీళ్లను పట్టేస్తుంది.

పన్నెండోది ఒకటి ఉంది గానీ దాన్ని విడిగా గుడ్డసంచిలో ఉంచుతాను. దాని పిడి సెల్యులాయిడ్‌ది, ముత్యపు చిప్పలా మెరుస్తుంది. ఆ పదార్థం పాతబడేకొద్దీ ఆవిరి విడుస్తుంది, ఆ ఆవిరికి పక్కనున్న చాకుల ఉక్కు కూడా తుప్పు పడుతుంది. చూడటానికి అన్నిటికంటే అందమైనది అదే, అన్నిటికీ దూరంగా ఉండాల్సిందీ అదే.

నాకీ ఇష్టం ఎక్కడ మొదలైందో బాగా గుర్తుంది. విజయనగరంలో ఎనిమిదో తరగతి చదివేటప్పుడు గైడ్స్‌లో చేరాను. మామిడితోటలో మూడు రోజుల శిబిరం. మగపిల్లల దళం దగ్గర ఒక చాకు ఉండేది. తాళ్లు కోయడానికి, గుడారం మేకులు చెక్కడానికి, డబ్బాలు తెరవడానికి అన్నిటికీ అదే. మేము అడిగితే, ఆడపిల్లలకు చాకెందుకని సూదీ దారం పెట్టె ఇచ్చారు. ముడులు వేయడంలో మా దళమే ముందు వచ్చింది, అయినా తాడు కోయాలంటే అవతలి గుడారానికి వెళ్లి అడగాల్సి వచ్చేది. ఆ రోజు పడిన చిన్నతనం ఇప్పటికీ పోలేదు.

అందుకే అమెరికాలో ఆడపిల్లల స్కౌట్‌కి కూడా సొంత చాకు ఉండేదని తెలిసినప్పుడు ఎంత సంతోషించానో చెప్పలేను. జూలియెట్ గోర్డన్ లో అనే ఆవిడ 1912 మార్చిలో సవానా నగరంలో ఆ సంస్థను మొదలుపెట్టింది. వాళ్ల చాకొకటి నాలుగేళ్ల క్రితం నా చేతికి వచ్చింది. మా మేనల్లుడు అక్కడి పాత సామాన్ల సంతలో చూసి కొని, విమానంలో చెక్-ఇన్ సామానులో పెట్టి తెచ్చాడు. ఆకుపచ్చ పిడి, దాని మీద మూడు రేకుల ముద్ర. ప్రతిజ్ఞలోని మూడు భాగాలకు గుర్తు ఆ మూడు రేకులు. నా చిన్నప్పటి గైడ్ బ్యాడ్జీ మీదా అవే ఉండేవి. బ్లేడు మొదట్లో 'కట్‌మాస్టర్' అని చెక్కి ఉంది, అంటే న్యూయార్క్ రాష్ట్రంలోని యుటికా పట్టణంలో తయారైనది.

మగపిల్లల స్కౌట్ చాకు నా దగ్గర ఉన్నది కమిలస్ అనే కంపెనీది. అదీ ఆ రాష్ట్రందే. స్కౌట్ చాకులు మొదట్లో చేసిన న్యూయార్క్ నైఫ్ కంపెనీ వాల్డెన్‌లో, అల్‌స్టర్ కంపెనీ ఎలెన్‌విల్‌లో, కమిలస్ అదే పేరున్న ఊళ్లో. ఒక్క రాష్ట్రంలో ఇన్ని చాకుల ఊళ్లా అని ఆశ్చర్యపోయాను. వాటిలో వాల్డెన్‌లోని న్యూయార్క్ నైఫ్ కంపెనీ 1931లో మూతపడింది, కమిలస్ 2007లో. యుటికాది 1910 నాటి కంపెనీ.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. ఆడపిల్లలది కొంచెం పొట్టి, కొంచెం పలచన, పనిముట్లు మాత్రం సరిగ్గా అవే నాలుగు: ఈటె మొన బ్లేడు, డబ్బా తెరిచే కొక్కెం, సీసా మూత తీసే స్క్రూడ్రైవరు, బెజ్జాలు పొడిచే దబ్బనం. చివర నడుముకు తగిలించుకునే రింగు. ఒక్క పనిముట్టు కూడా తగ్గించలేదు. అది నాకెంతో నచ్చింది.

చాకులు కూడబెట్టేవాళ్లు ముందు చూసేది బ్లేడు నిండుగా ఉందా లేదా అని. సాన పట్టీ పట్టీ సన్నబడితే విలువ పడిపోతుంది. నేను దీన్ని ఒప్పుకోను. నా కమిలస్ చాకు బ్లేడు దాదాపు సగానికి అరిగింది. మధ్యలో ఎక్కువ, మొన దగ్గర తక్కువ. రాయి మీద గుండ్రంగా తిప్పుతూ నూరేవాళ్ల చేతిలో ఇలా అరుగుతుంది. డబ్బా కొక్కెం నల్లగా కమిలింది. దబ్బనం మాత్రం కొత్తదిలా ఉంది, ఆ అబ్బాయికి దానితో పని పడలేదు. ఆకుపచ్చ చాకు ఇందుకు పూర్తిగా తలకిందులు. బ్లేడు నిండుగా ఉంది, దబ్బనం మొన మాత్రం వేళ్లు రాసీ రాసీ అద్దంలా నునుపెక్కింది, దాని అంచును ఎవరో శ్రద్ధగా రెండు మూడుసార్లు నూరారు. ఎవరో ఒక అమ్మాయి దీనితో తోలుకో గుడ్డకో చాలా బెజ్జాలు వేసింది. తెరవని పెట్టెలో మెరుస్తూ ఉన్న చాకు ఈ మాటలేవీ చెప్పదు.

ఉక్కు సంగతి కూడా అంతే. పాతవన్నీ కార్బన్ ఉక్కు. పచ్చిమామిడికాయ కోస్తే నల్లబడతాయి, చింతకాయ తగిలితే నీలం మచ్చలు వేస్తాయి. ఆ నలుపును తోమి తీసేయకూడదు, ఎర్రతుప్పు రాకుండా కొంతవరకు కాపాడేది అదే. పొడి గుడ్డతో తుడిచి ఒక్క చుక్క నూనె రాస్తే చాలు.

పన్నెండు దాటాక తమ్ముడు వచ్చాడు. ఖరగ్‌పూర్‌లో రైల్వేలో పని. వచ్చినప్పుడల్లా రసగుల్లాల డబ్బా తెస్తాడు. "అక్కా, ఇన్ని చాకులున్నాయి కదా, ఏది బాగా తెరుస్తుందో చూద్దాం" అన్నాడు. నాకూ అదే కోరిక. డబ్బా మూతను మూడు భాగాలుగా అనుకుని మూడు చాకులతో తెరిచాం.

మొదట బ్రిటిష్ సైన్యపు చాకు. నల్లని గళ్ల పిడి, మొద్దు మొన బ్లేడు, తాడు పురులు విడదీసే లావాటి మేకు, బాణంలాంటి గుర్తు. దాని కొక్కెం పెద్దది, మొరటుది. రేకులోకి సులువుగా దిగింది గానీ అంచు రంపపు పళ్లలా చీలింది. తరువాత కమిలస్. ఇది డబ్బా అంచును కింద నుంచి పట్టుకుని పైకి కోస్తుంది. చిన్న చిన్న అడుగులు, నింపాదిగా సాగింది, అంచు బాగానే వచ్చింది. చివరికి స్విస్ విక్టోరినాక్స్. దీని కొక్కెం ముందుకు కోసుకుంటూ పోతుంది, చేతికి శ్రమ లేదు. తమ్ముడు దీనికే ఓటు వేశాడు. నేనూ ఒప్పుకున్నాను.

స్విస్ చాకు గురించి మాట వచ్చింది కాబట్టి రాసుకోవాలి. కార్ల్ ఎల్సెనర్ 1884లో ఇబాఖ్ అనే ఊళ్లో పని మొదలుపెట్టాడు, 1891లో స్విస్ సైన్యానికి చాకులు ఇచ్చాడు. సైనికుల చాకు బరువుగా ఉందని మరొకటి ఆలోచించి 1897 జూన్ 12న హక్కులు నమోదు చేయించాడు. అందులోని తెలివంతా స్ప్రింగులో ఉంది. ఒకే స్ప్రింగు వీపుకు రెండు వైపులా పనిముట్లు తెరుచుకుంటాయి. నేను మొదటిసారి దీన్ని విప్పి చూసినప్పుడు, ఇంత చిన్న చోట ఇంత ఆలోచన ఎలా పట్టిందా అని చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. ఇందులోని సీసా బిరడా తీసే మెలిక మా ఇంట్లో దాని పని ఎన్నడూ చేయలేదు. బిగుసుకున్న ముడులు విప్పడానికి మాత్రం దానికి సాటి లేదు.

రసగుల్లాలు తింటూ అత్తయ్య ఆకుపచ్చ చాకును చేతిలోకి తీసుకున్నారు. ఆవిడ పుట్టిల్లు పొందూరు. అక్కడ ఖద్దరుకు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడలోని సన్నని పళ్లంత శుభ్రంగా ఏ ఇనుప దువ్వెనా చేయదని ఆవిడ నమ్మకం. దబ్బనం మొనను వేలితో తడిమి, "దీన్ని ఎవరో బాగా వాడారమ్మా" అన్నారు. నేనేమీ చెప్పకముందే.

"మా ఇంట్లో నాలుగు దవడలుండేవి. పళ్లు అరిగిన వైపు చూసి ఏది మా అమ్మదో, ఏది మా పెద్దమ్మదో చెప్పేదాన్ని. పెద్దమ్మది ఎడమచేతి వాటం" అన్నారు.

ఈ ఇంట్లో ఇన్నేళ్లుగా ఉంటున్నాను, ఈ మాట ఇవాళే విన్నాను. నా పుస్తకంలో ఆ చాకు పేజీ తీసి అత్తయ్య మాట రాసుకున్నాను. చాకులకూ ఎడమచేతి వాటం తెలుస్తుంది. బ్లేడు తెరిచే గోరు గాడి కుడిచేతివాళ్లకు అనువైన వైపు చెక్కుతారు. ఎడమచేతివాళ్లు వాడిన దానిలో గాడి చుట్టూ గీతలు వేరే తీరులో ఉంటాయి. అన్నీ మళ్లీ ఒక్కసారి పరీక్షగా చూడాలి.

సాయంత్రం అత్తయ్య తోలు చెప్పు తెచ్చి నా ముందు పెట్టారు. పట్టీ వదులైంది, ఇంకో బెజ్జం కావాలి. చెప్పులు కుట్టే అతను ఈ వానకు రాలేదు. "ఆ ఆకుపచ్చ దానితో వేయకూడదా?" అన్నారు. వేయవచ్చా అని కాసేపు ఆగాను. నాలుగేళ్లుగా నూనె రాయడం తప్ప దానితో ఏ పనీ చేయలేదు. బ్లేడు పాడవుతుందన్న భయం లేదు, ఆ అమ్మాయి చేత్తో వచ్చిన నునుపు మీద నా గీత పడుతుందేమోనన్నదే బాధ.

దబ్బనం తెరిచాను. స్ప్రింగు టక్కుమని పలికింది. పట్టీ కింద చెక్కముక్క పెట్టి, మొనను గుర్తు మీద ఆనించి, అరచేతితో అదుముతూ మెల్లగా తిప్పాను. నాలుగు తిప్పులకు అవతలికి వచ్చింది. గుండ్రంగా, నూలుపోగంత చీలిక కూడా లేకుండా పడింది బెజ్జం. అత్తయ్య చెప్పు తొడుక్కుని వరండా చివరిదాకా నడిచి వచ్చారు. రెండో చెప్పు కూడా విప్పి నా చేతికిచ్చారు.