550 గజాల జాగా, ఒక గ్రాఫ్ పేపరు, మా కాలనీ పార్కు

హైదరాబాద్ శివార్లలో మా కాలనీ లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన జాగా ఒకటుంది, ఇన్నాళ్ళూ సర్కారు తుమ్మ, ఇళ్ళు కట్టగా మిగిలిన రాళ్ళూ రద్దూ తప్ప ఏం లేదు అందులో. ఈ ఏడాది పార్కు చేద్దామని అందరూ ఒప్పుకున్నారు, కానీ ఒక్కో ఇంటికి ఒక్కో రకం పార్కు కావాలి. పెద్దవాళ్ళకి వాకింగ్ ట్రాక్, పిల్లలకి షటిల్ కోర్టు, చిన్నపిల్లలకి ఉయ్యాలా జారుడుబల్లా, ఆంటీలకి బతుకమ్మ ఆడుకోడానికి లాన్, ఇంకా కూరగాయల మడులు, ఓపెన్ జిమ్, కొందరికైతే నాలుగు కార్లు పెట్టుకునే చోటు. మీటింగ్‌లో ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ మాటే నెగ్గేలా ఉంది, అందుకే నేను ముందు కొలిచి కాగితం మీద పెడదాం, తర్వాత మాట్లాడుకుందాం అన్నాను.

జాగా నలుచదరంగా లేదు. ఎదురెదురు పక్కలు ఒకటి 90 అడుగులు, ఇంకోటి 75, వాటి మధ్య 60, రోడ్డు కాస్త ఏటవాలుగా పోయింది కాబట్టి నాలుగో పక్క 62 వచ్చింది. టేపు పట్టుకున్న తొమ్మిదో క్లాసు పిల్లలు చూడగానే ట్రెపీజియం అనేశారు, మా చిన్నప్పుడు తెలుగు మీడియంలో సమలంబ చతుర్భుజం అని చదువుకున్నదే. సమాంతరంగా ఉన్న రెండు పక్కలూ కూడి సగం చేస్తే 82.5, దాన్ని 60తో గుణిస్తే 4950 చదరపు అడుగులు, తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా 550 గజాలు. మన దగ్గర గజాల్లో చెప్తేనే మనిషికి జాగా కళ్ళ ముందు కనిపిస్తుంది కాబట్టి అందరికీ అలాగే చెప్పాం. మూల సరిగ్గా ఉందా లేదా అనేది మేస్త్రీలు చూసినట్టే చూశాం, ఒక పక్క 6 అడుగుల దగ్గర, ఇంకో పక్క 8 దగ్గర గుర్తు పెట్టి ఆ రెండిటి మధ్య కొలిస్తే 10 రావాలి.

స్కేలు 1 సెంటీమీటరుకి 5 అడుగులు పెట్టుకున్నాం, అప్పుడు 90 అడుగులు 18 సెంటీమీటర్లు, 75 కి 15, 60 కి 12, మామూలు గ్రాఫ్ పేపర్లో హాయిగా పట్టేస్తుంది. ఇక్కడే అందరికీ నిదానంగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. పొడవు 5 రెట్లని చదరం కూడా 5 అనుకుంటారు, కాదు, గ్రాఫ్ మీద ఒక సెంటీమీటరు గడి నేల మీద 25 చదరపు అడుగులు. అంటే మొత్తం పార్కు 198 గడులు. ఇంకోటి, ఆ ప్లాన్‌ని ఏ4 నుంచి ఏ3 కి పెద్దది చేసి జిరాక్స్ తీస్తే పొడవులు 1.41 రెట్లు, వైశాల్యం రెండింతలు అవుతుంది, అప్పుడు పక్కన రాసిన స్కేలు చెల్లదు. అందుకని ప్లాన్ కింద 20 అడుగులకి ఒక గీత గీసి పెట్టాలి, కాగితంతో పాటు గీత కూడా పెరుగుతుంది కాబట్టి వాట్సాప్‌లో ఎవరు ఎంత జూమ్ చేసినా లెక్క తప్పదు.

ఇక కోరికలన్నీ గడుల్లోకి దింపాం. షటిల్ డబుల్స్ కోర్టు 44 బై 20 అడుగులు, చుట్టూ 3 అడుగులు వదిలితే 50 బై 26, అంటే 1300. 30 అడుగుల అడ్డకొలతతో గుండ్రటి లాన్ 707. పిల్లల ఆటలకి 500, జిమ్‌కి 300, మడులకి 250, నాలుగు కార్లకి 576. నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం ట్రాక్. గోడ పక్కన అంచున ఒక 5 అడుగుల బాటే కదా అనిపిస్తుంది ఎవరికైనా, చుట్టుకొలత 287 అడుగులు, దాన్ని 5తో గుణించి మూలల్లో రెండుసార్లు లెక్కకొచ్చింది తీసేస్తే 1330 చదరపు అడుగులు, పార్కులో నాలుగో వంతు పైనే! అన్నీ కూడితే ఒక్క చెట్టు కూడా పెట్టకుండానే 4960 దాటిపోయింది, ఉన్నది 4950.

ఆ కాగితం మధ్యలో పెట్టాక మీటింగ్ తీరే మారిపోయింది, ఎవరూ ఎవర్నీ కాదనక్కర్లేదు, గడులే కాదంటున్నాయి. కార్ల సంగతి వాళ్ళే వదిలేశారు. ట్రాక్ 4 అడుగులకి తగ్గిస్తే 250 చదరపు అడుగులు మిగిలాయి, సరిగ్గా కూరగాయల మడులంత. 4 అడుగుల్లో వీల్‌చెయిర్ వెళ్తుంది, 12 రౌండ్లు తిరిగితే దాదాపు కిలోమీటరు. గేటు దగ్గర మెట్టు ఎత్తు అర అడుగు, ర్యాంపు ఒకటికి పన్నెండు వాలు ఉండాలి కాబట్టి దానికి 6 అడుగుల పొడవు ముందే కేటాయించాం, ఇది చివర్లో అతికించే పని కాదు.

లాన్ వేరుగా అక్కర్లేదని ఆంటీలే తేల్చారు, కోర్టుని గట్టి మట్టితో చేసి నెట్ విప్పేస్తే అదే బతుకమ్మ చోటు. 26 అడుగుల వెడల్పులో పట్టే వలయం చుట్టూ 82 అడుగులు, మనిషికి రెండున్నర అడుగులు వేసుకున్నా 32 మంది, లోపల ఇంకో వలయం కూడా వేసుకోవచ్చు. ఒకే నేల రెండు పనులకి వాడుకోవడం కన్నా మంచి పొదుపు లేదని నా అభిప్రాయం. ఇవన్నీ పోను చెట్లకీ మొక్కలకీ 1500 పైన మిగిలాయి.

చెట్ల విషయంలో ఒకటి గట్టిగా చెప్తాను, మొక్కని ఇవాళ ఉన్న సైజులో చుక్కలా గీయకండి, ఎదిగాక ఎంతవుతుందో అంత గీయండి. వేప కొమ్మలు 30 అడుగులు విచ్చుకుంటాయి అనుకుంటే గ్రాఫ్ మీద 6 సెంటీమీటర్ల వృత్తం. అలాంటివి నాలుగు పెడితే నీడ 2800 చదరపు అడుగులు, సగం పార్కు పైనే, కానీ నేల మీద మొదళ్ళు తీసుకునే చోటు ఎంత, కొద్దిగా. నేల లెక్క వేరు, నీడ లెక్క వేరు. అందుకని ట్రేసింగ్ పేపరు పైన పరిచి దాని మీద వృత్తాలు గీశాం, సాయంత్రం ఎండ పడమర నుంచి కొడుతుంది కాబట్టి పిల్లల ఆటస్థలానికి పడమట పక్కకి జరుపుతూ చూశాం.

వాన నీళ్ళ లెక్క కూడా ఇదే కాగితం మీద తేలిపోయింది. మొత్తం జాగా 460 చదరపు మీటర్లు, చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు, మన ఊళ్ళో ఒక గట్టి వానకి 50 మిల్లీమీటర్లు పడ్డాయంటే 23 వేల లీటర్లు. ఆరడుగుల పొడవూ వెడల్పూ లోతూ ఉన్న ఇంకుడు గుంత ఖాళీగా ఉంటేనే 6 వేల లీటర్లు పడుతుంది, రాళ్ళూ కంకరా నింపితే అంత కూడా పట్టదు. కానీ ఆ 1500 చదరపు అడుగుల మొక్కల చోటుని బాట కన్నా అర అడుగు పల్లంగా ఉంచితే అదొక్కటే 21 వేల లీటర్లు నిలబెడుతుంది! అందుకే ఒక గుంత పల్లపు మూలన తవ్విస్తున్నాం, మట్టి తోలే ట్రాక్టర్ అతనికి మాత్రం మొక్కల చోట బాట సమానంగా నింపొద్దని, ఎక్కడిదాకా పోయాలో గోడకి సున్నంతో గీత గీసి చూపించాం.