బావ తెచ్చిన ఫోన్లో గూగుల్ లేదు

2023 సంక్రాంతికి మా బావ కువైట్ నుంచి కడపకు వస్తూ అమ్మకు హువావే నోవా 9 ఫోను తెచ్చాడు. చూడ్డానికి భలే ఉంది, కెమెరా అయితే చెప్పక్కర్లేదు. "చానా తక్కువకే వచ్చింది అత్తా" అని మురిసిపోయాడు. ఎందుకు తక్కువకు వచ్చిందో ఆ రాత్రి నాకు తెలిసింది.

పాత రెడ్‌మీలో ఉన్నవన్నీ దీంట్లోకి ఎక్కిద్దామని కూర్చున్నా. ప్లే స్టోర్ కనపడలేదు. సెట్టింగులన్నీ తిరగేశా, లేదంటే లేదు. దాని బదులు యాప్ గ్యాలరీ అని వాళ్ల సొంత దుకాణం ఉంది. వాట్సాప్‌ను దాని సైటు నుంచే దించుకున్నా. పాత చాట్లు మాత్రం రాలేదు, అవి గూగుల్ డ్రైవ్‌లో ఉండిపోయాయి. పాత ఫోను మెమరీలోని బ్యాకప్ ఫైలును కేబుల్ పెట్టి కాపీ చేసేసరికి తెల్లారింది.

అసలు తిప్పలు డబ్బుల దగ్గర. అమ్మ కూరగాయలకు కూడా స్కాన్ కొట్టే మనిషి. గూగుల్ పే ఎక్కలేదు. ఏడు రోడ్ల దగ్గర మొబైల్ షాపు పిల్లోడు "జీబాక్స్ వేసుకోన్నా, అందులో గూగుల్‌వి నడుస్తాయి" అన్నాడు. నిజమే, యూట్యూబ్ నడిచింది. కానీ మధ్యలో ఇంకెవరిదో యాప్ పెట్టుకుని, అందులో అమ్మ యూపీఐ పిన్ కొట్టడానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఫోను తప్పేం లేదు. 2019 మేలో అమెరికా చైనా కంపెనీ అయిన హువావేను ఆంక్షల జాబితాలో పెట్టింది. లైసెన్సు లేకుండా అమెరికా కంపెనీలు దానికి ఏదీ అమ్మకూడదు. దాంతో ఆ తర్వాతి మోడళ్లకు గూగుల్ సర్వీసులు ఆగిపోయాయి. మరుసటి ఏడాది చిప్పుల మీదా పడ్డారు. అమెరికా టెక్నాలజీ వాడితే తైవాన్ ఫ్యాక్టరీ కూడా హువావేకు చిప్పు చేసివ్వకూడదన్నారు. చివరికి అమెరికా చిప్పుల కంపెనీ క్వాల్‌కామ్ దగ్గర 4జీ చిప్పులు కొనుక్కోవడానికి అనుమతి దొరికింది. నోవా 9లో 5జీ లేనిది అందుకే. 2020 ఏప్రిల్-జూన్‌లో ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ ఫోన్లు పంపిన కంపెనీ అది! అదే ఏడాది నవంబరులో తన హానర్ బ్రాండును అమ్మేసుకుంది.

అమ్మ రెడ్‌మీ కూడా చైనా కంపెనీ షావోమీదే. షావోమీ 2015లోనే మన శ్రీసిటీలో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. 2018 బడ్జెట్లో మన ప్రభుత్వం దిగుమతి ఫోన్ల మీద సుంకాన్ని 15 నుంచి 20 శాతానికి పెంచింది కూడా. సుంకమైతే లెక్కలేసుకుని ఇక్కడే ఫ్యాక్టరీ పెట్టుకోవచ్చు. గూగుల్‌ను ఏ ఫ్యాక్టరీలో చేసుకుంటారు?

మూడో రోజు సిమ్ తీసి మళ్లీ రెడ్‌మీలోనే వేశా. కొత్తది వైఫై మీద ఫొటోలు తీయడానికి ఉంచుకుంది అమ్మ. బావ కువైట్ వెళ్లాక వీడియో కాల్ చేసి "ఫోను ఎట్లుంది అత్తా?" అని అడిగాడు.

"బంగారం మాదిరి ఉంది నాయనా" అంది అమ్మ, రెడ్‌మీలోంచి.