అనంతపురం ఎండల్లో తయారీ, హైదరాబాదులో 42.195 కిలోమీటర్లు: నా మొదటి మారథాన్ అనుభవం

మొదటి మారథాన్‌కి పేరు నమోదు చేసే ముందు క్యాలెండర్ ముందేసుకుని కూర్చోండి. రేసు ఏ ఊళ్లో అన్నదానికంటే దానికి ముందు వచ్చే 18 వారాలు ఏ కాలంలో పడుతున్నాయన్నది ముఖ్యం. మన అనంతపురం నుంచి సులువుగా అందేవి బెంగళూరు, హైదరాబాదు. ఇంకాస్త దూరమైతే చెన్నై, ముంబై. ముంబై రేసు జనవరిలో ఉంటుంది కాబట్టి తయారీ సెప్టెంబరులో మొదలై చల్లబడే నెలల్లో సాగుతుంది. హైదరాబాదుది ఆగస్టు చివర్లో. అంటే ఏప్రిల్ మూడో వారంలో మొదలుపెట్టి మే నెల ఎండలన్నీ దాటుకుని పోవాలి. నేను పరిగెత్తింది హైదరాబాదులోనే. ఎవరైనా అడిగితే మాత్రం మొదటిసారికి జనవరి రేసే మేలంటాను.

18 వారాల ప్లాన్ సున్నా నుంచి మొదలయ్యేది కాదు. అప్పటికే రెండు మూడు నెలలుగా వారానికి 25 కిలోమీటర్లు పరిగెత్తుతూ, ఆగకుండా 10 కిలోమీటర్లు పోగలిగే స్థితిలో ఉండాలి. ఒక హాఫ్ మారథాన్ అయి ఉంటే ఇంకా మంచిది. ఊపిరి, గుండె నెలన్నరలో దారికొస్తాయి. ఎముకలు, స్నాయువులు గట్టిపడడానికి అంతకు రెండింతల కాలం పడుతుంది. దమ్ము వచ్చింది కదా అని దూరం పెంచేవాళ్లకు మోకాలి కింద ముందరి ఎముక వెంబడి నొప్పి పట్టుకునేది అందుకే.

నేను పాటించిన వారం ఇలా ఉండేది. మంగళవారం 8 కి.మీ. తేలికగా, గురువారం 8 నుంచి 10 కి.మీ. పరిగెత్తి అందులో మధ్యన 20 నిమిషాలు మాత్రం కాస్త కష్టపడే వేగంతో, శనివారం 6 కి.మీ. మళ్లీ తేలికగా, ఆదివారం లాంగ్ రన్. మిగతా మూడు రోజుల్లో రెండు పూటలు తొడలకు, పిక్కలకు, నడుముకు వ్యాయామం. లాంగ్ రన్ దూరాలు 16, 18, 20, ఆ తర్వాత ఒక వారం తగ్గించి 16. మళ్లీ 22, 24, తగ్గించి 18. తర్వాత 26, 28, తగ్గించి 20. చివరగా 30, 22, 32. రేసుకు మూడు వారాల ముందు 32 అయిపోవాలి. ఆ పైన 20, 14, ఆపై రేసే. ముందొచ్చే 16 కంటే తక్కువ దూరాల వారాలు కూడా ఈ ప్లాన్‌లో ఉన్నాయి, వాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు.

తయారీలో ఒకసారైనా మొత్తం 42 పరిగెత్తి చూసుకుందామని చాలామందికి అనిపిస్తుంది. వద్దు. 32 దాటాక వచ్చే లాభం తక్కువ, కోలుకోవడానికి పట్టే రోజులు ఎక్కువ. లాంగ్ రన్ రేసు వేగం కంటే కిలోమీటరుకు 60 నుంచి 90 సెకన్లు మెల్లగా సాగాలి. పక్కనున్న మనిషితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగితే సరైన వేగంలో ఉన్నట్టు. రెండు మాటలకే ఎగశ్వాస వస్తుంటే తగ్గించాలి.

ఇక మన ఎండ. మే నెలలో తెల్లవారుజామున నాలుగింటికి కూడా 26, 27 డిగ్రీలు ఉంటుంది. ఆరు కాకముందే పొద్దు పొడుస్తుంది, ఏడు దాటితే రోడ్డు నుంచే సెగ మొదలవుతుంది. 24 కిలోమీటర్ల రన్ మూడు గంటల పని కాబట్టి, మూడున్నర నాలుగు మధ్య బయల్దేరడం తప్పదు. వేడిలో అదే వేగానికి గుండె నిమిషానికి పదిసార్లు ఎక్కువ కొట్టుకుంటుంది, ఎందుకంటే రక్తంలో కొంత భాగం చల్లబడడానికి చర్మం వైపు మళ్లుతుంది. అందుకని మేలో వాచీలో వేగం చూడడం మానేసి ఊపిరిని బట్టి పరిగెత్తాలి. ఒంటికి వేడి అలవాటు కావడానికి 10 నుంచి 14 రోజులు చాలు. జూన్, జూలైలో ఇంకో రకం పరీక్ష. నైరుతి గాలి రామగిరి మిట్టల మీద గాలిమరలు తిప్పేంత జోరుగా వీస్తుంది. గాలికి ఎదురు పోయేటప్పుడు వేగం పడిపోయినా పట్టించుకోవద్దు, అది ఎత్తు ఎక్కినంత పనే. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి ఉండేలా దారి పెట్టుకుంటే అలసిన కాళ్లకు సాయం.

ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు తేలిక పరుగులకు బాగుంటుంది. 25 కిలోమీటర్లు అక్కడే తిరగాలంటే మాత్రం లోపలి కాలి మీద భారం ఎక్కువ పడుతుంది, ప్రతి అయిదు కిలోమీటర్లకు దిశ మార్చాలి. రోడ్డు మీదైతే బుక్కరాయసముద్రం వైపు గానీ, జేఎన్‌టీయూ వైపు గానీ పోవచ్చు. హైవే వద్దే వద్దు. వచ్చే బండ్లకు ఎదురుగా, మెరిసే పట్టీల జాకెట్టు వేసుకుని పరిగెత్తాలి. రోడ్డు నడిమధ్య ఎత్తుగా, అంచులు వాలుగా ఉంటాయి కదా, గంటల తరబడి ఒకే అంచున పరిగెత్తితే మోకాలి బయటి వైపు నొప్పి వస్తుంది. జనం లేని రోడ్డు దొరికితే పక్కలు మారుస్తూ పోండి. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి, వాటి వైపు తిరిగి, మెల్లగా నడవాలి. పరిగెత్తేవాణ్నే అవి తరుముతాయి.

నీళ్లు, ఉప్పు లెక్కలోనే మన ప్రాంతం వాళ్లు బోల్తా పడతారు. అనంతపురంలో గాలి పొడిగా ఉంటుంది, చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు మిగులుతాయి. చెమటే పట్టలేదనుకుంటాం. ఆగస్టు హైదరాబాదులో తేమ ఎక్కువ, చెమట ఆరదు, కారిపోతుంది. కారిన చెమట ఒంటిని చల్లబరచదు, నీళ్లు మాత్రం తీసుకుపోతుంది. రెండు చోట్లా ఎంత పోతోందో తెలియాలంటే తూకమే దారి. రన్‌కు ముందు బట్టల్లేకుండా బరువు చూసుకోండి. గంట పరిగెత్తాక ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూడండి. 65 కిలోలు 64.1 అయి, మధ్యలో 300 మి.లీ. తాగి ఉంటే, గంటకు 1.2 లీటర్ల చెమట పోయినట్టు. అంతా తిరిగి తాగాల్సిన పని లేదు, తాగినా పొట్ట పట్టదు. గంటకు 500 నుంచి 700 మి.లీ. మధ్య సరిపోతుంది. చివరికి బరువులో రెండు శాతం దాకా తగ్గడం మామూలే. రన్ తర్వాత బరువు పెరిగిందంటే అదే ప్రమాదం.

ఎందుకంటే నీళ్లు మరీ ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. 2002లో బోస్టన్ మారథాన్ పరిగెత్తిన 488 మందికి రక్తపరీక్ష చేస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువని తేలింది. మెల్లగా, ఎక్కువ గంటలు పరిగెత్తుతూ దారిలో నీళ్లు పెట్టిన ప్రతి బల్ల దగ్గరా తాగేవాళ్లకు, అంటే మొదటిసారి వాళ్లకే, ఈ ముప్పు ఎక్కువ. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, తలనొప్పి, వాంతులు, తికమక దీని గుర్తులు. లీటరు చెమటలో సుమారు ఒక గ్రాము సోడియం పోతుంది, మనిషిని బట్టి ఇది బాగా మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ఓఆర్ఎస్ ప్యాకెట్టు లీటరు నీళ్లలో కలిపితే 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటాయి. ఉప్పుకు అది బాగుంటుంది, బలానికి చాలదు. నేను స్థిరపడిన పాళ్లు ఇవి: అర లీటరు నీళ్లు, 30 గ్రాముల గ్లూకోజు పొడి, ఒక గ్రాము ఉప్పు, అర నిమ్మకాయ. గ్లూకోజు ఇంతకంటే చిక్కగా కలిపితే పొట్టలోంచి కిందికి దిగదు, కడుపు బరువెక్కి వికారం మొదలవుతుంది.

బలం లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. కిలో బరువుకు కిలోమీటరుకు సుమారు ఒక కేలరీ ఖర్చు. 65 కిలోల మనిషికి మొత్తం 2,700 పైమాటే. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, దాదాపు 2,000 కేలరీలకు వస్తుంది. కొవ్వు కాలడం వల్ల కొంత కలిసొచ్చినా, నిల్వ 30, 35 కిలోమీటర్ల మధ్య అడుగంటుతుంది. అక్కడే కాళ్లు సీసంలా అవుతాయి. దీనికి మందు గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం, అదీ మొదటి అరగంట నుంచే. ఒక ఎనర్జీ జెల్‌లో (నోట్లోకి పిండుకునే చిక్కటి తీపి ప్యాకెట్టు) 20 నుంచి 25 గ్రాములు ఉంటుంది, మామూలు అరటిపండులో కూడా అంతే, చిన్న ఖర్జూరంలో 5, 6 గ్రాములు. జెల్ తీసుకుంటే మీద ఉత్త నీళ్లే తాగాలి, తీపి డ్రింకు తాగితే చిక్కదనం రెట్టింపవుతుంది. మన శెనక్కాయల చిక్కీ అంటే నాకూ ప్రీతే కానీ, అందులో నూనె ఎక్కువ, పరుగులో అరగదు. ఇంటికొచ్చాక తినండి. రేసు రోజు ఏం తింటారో, తాగుతారో అది కనీసం నాలుగు లాంగ్ రన్‌లలో తిని చూసి ఉండాలి. పొట్టకు కూడా సాధన కావాలి.

సంగటి విషయంలో మా పెద్దవాళ్లతో వాదన తప్పదు. తయారీ రోజుల్లో రాగి సంగటికి మించింది లేదు. రేసుకు ముందు రెండు రోజులు మాత్రం పీచు తగ్గించి తెల్లన్నం, పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు, బెల్లం పానకం మీద ఉండాలి. కిలో బరువుకు 8 గ్రాముల చొప్పున 65 కిలోల మనిషికి రోజుకు 520 గ్రాముల పిండిపదార్థం. వంద గ్రాముల బియ్యంలో 78 గ్రాములు ఉంటుంది, మిగతా లెక్క మీరు వేసుకోవచ్చు. ఆ రెండు రోజుల్లో బరువు కిలో, కిలోన్నర పెరుగుతుంది. కంగారు వద్దు, ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీళ్లు పట్టి ఉంచుతుంది. రేసు పొద్దున మూడు గంటల ముందు రెండు మూడు ఇడ్లీలు, కాస్త చక్కెర, ఒక అరటిపండు. ఉగ్గాని, బజ్జీ మధ్యాహ్నానికి.

బూట్ల సంగతి టూకీగా: సాయంత్రం పూట, కాళ్లు ఉబ్బి ఉన్నప్పుడు కొనాలి, బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ ఉండాలి. 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా పనికొస్తాయి. రేసుకు కొత్తవి వద్దు, కనీసం 80 కిలోమీటర్లు తిరిగి ఉండాలి. కాటన్ మేజోళ్లు తడిసి బొబ్బలు లేపుతాయి. వాజెలిన్ తొడల మధ్య, చంకల్లో, నడుం పట్టీ ఒరిసే చోట రాయాలి. మగవాళ్లు చనుమొనల మీద మైక్రోపోర్ టేపు అంటించుకోవాలి. గోళ్లు రేసుకు మూడు రోజుల ముందే కత్తిరించాలి.

బిబ్, అంటే చొక్కాకు పెట్టుకునే రేసు నంబరు కాగితం, ముందు రోజో, అంతకు ముందో స్వయంగా వెళ్లి తీసుకోవాలి, గుర్తింపు కార్డు ఒరిజినల్ కావాలి. అనంతపురం నుంచి పోయేవాళ్లు శనివారం పొద్దుటికే చేరేలా టికెట్టు చేసుకోవాలి, ఆదివారం బిబ్ దొరకదు. బిబ్ వెనక టైమింగ్ చిప్ ఉంటుంది. మడవకూడదు, దాని మీద పిన్ను గుచ్చకూడదు, ఛాతీ మీదే పెట్టాలి, బెల్టు కింద దాగితే టైము నమోదు చేయడానికి దారిలో పరిచే మ్యాట్ దాన్ని చదవదు. వెనక వైపు రక్తం గ్రూపు, ఇంటి నంబరు రాసి పెట్టండి.

హైదరాబాదు ఫుల్ మారథాన్ నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. దారి పొడవునా ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ వైపు ఎత్తు. చదునైన అనంతపురం రోడ్ల మీద తయారైనవాళ్లు చివరి ఎనిమిది వారాలు ఏదో ఒక బ్రిడ్జి మీద వారానికోసారి 8, 10 సార్లు ఎక్కి దిగాలి. దిగడమే అసలు కష్టం, తొడల ముందు కండరాలు దెబ్బతినేది అక్కడే. ఎక్కేటప్పుడు అడుగులు చిన్నవి చేసి ఊపిరి మారకుండా పోవాలి, కిలోమీటరుకు 30 సెకన్లు పోతే పోనివ్వండి.

అయిదు గంటల లోపు చేరాలంటే కిలోమీటరుకు 7 నిమిషాల వేగం, లెక్క ప్రకారం 4 గంటల 55 నిమిషాలు. కానీ వాచీని నమ్ముకుంటే చిక్కే. దారి కొలిచేవాళ్లు మలుపుల్లో అతి దగ్గరి గీత మీద సైకిలుతో కొలుస్తారు. మనం జనం మధ్య అటూ ఇటూ తిరుగుతాం. చివరికి వాచీ 42.6 చూపిస్తుంది. అప్పుడు వాచీలో 7 నిమిషాల వేగం అంటే నిజానికి 4 గంటల 58 నిమిషాలు. అందుకే రోడ్డు పక్కన పెట్టిన కిలోమీటరు బోర్డులను బట్టి టైము చూసుకోవాలి. మొదటి 10 కిలోమీటర్లు అనుకున్నదానికంటే 10, 15 సెకన్లు మెల్లగా పోవాలి. అందరూ దాటిపోతుంటే అలా ఉండడం కష్టమే, కానీ 30 తర్వాత దాటేది వాళ్లనే. అమెరికా ఒలింపియన్ జెఫ్ గాలోవే ప్రచారంలోకి తెచ్చిన పరుగు, నడక పద్ధతి మొదటిసారికి నాకు నచ్చింది. నీళ్ల బల్ల వచ్చినప్పుడల్లా నిమిషం నడిచి, తాగి, మళ్లీ పరుగు. అలసిపోయాక నడిచే నడక వేరు, దాన్నుంచి మళ్లీ పరుగందుకోవడం కష్టం. అందుకని నడక మొదటి బల్ల నుంచే మొదలవ్వాలి.

పిక్క పట్టేస్తే ఆగి, గోడకు చేతులానించి, మడమ నేలకు అదిమి 30 సెకన్లు సాగదీసి, మెల్లగా నడవాలి. నొప్పి బిళ్లలు మాత్రం పరుగుకు ముందూ వద్దు, మధ్యలోనూ వద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి నీరు తగ్గిన ఒంట్లో మూత్రపిండాలకు చేటు. ఛాతీలో నొప్పి, ఎండలో చలి వణుకు, మాట తడబడడం, ఇందులో ఏది వచ్చినా అక్కడితో ఆపి మెడికల్ వాళ్లను పిలవాలి.

గీత దాటాక కూర్చోకూడదు. పది, పదిహేను నిమిషాలు నడవాలి, లేకపోతే రక్తం కాళ్లలోకి దిగి కళ్లు తిరుగుతాయి. అరగంటలో ఉప్పు, తీపి ఉన్నదేదైనా తినాలి. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి పోవాలి. తిరుగు ప్రయాణానికి కింది బెర్తు తీసుకోండి. మర్నాడు, ఆ మర్నాడు మెట్లు దిగేటప్పుడు రెయిలింగు పట్టుకుని వెనక్కి తిరిగి దిగితే తొడలు అంతగా అరవవు. వారం దాకా నడకే. రెండో వారంలో 4, 5 కిలోమీటర్ల తేలిక పరుగు. నల్లబడ్డ గోరు దానంతటదే ఊడుతుంది, పీకకండి. ఫలితాల్లో రెండు టైములుంటాయి. తుపాకీ పేలినప్పటి నుంచి లెక్కించేది ఒకటి, మీరు మొదటి మ్యాట్ దాటినప్పటి నుంచి లెక్కించేది ఇంకొకటి. మీ సొంత టైము రెండోదే. తర్వాతి రేసుకు టైమ్ సర్టిఫికెట్ అడిగితే కావాలి కాబట్టి ఆ పేజీ కనిపించినప్పుడే సర్టిఫికెట్ దించి పెట్టుకోండి.