అర్ధరాత్రి ఆవిష్కరణ

పేజీ అంచున స్కాన్ చేసినవాళ్ల బొటనవేలు కూడా పడింది. దాన్నే కాసేపు చూస్తూ ఉండిపోయాను. దిగంబర కవులని పేరు పెట్టుకున్న ఆరుగురు తెలుగు కవుల మొదటి కవితా సంపుటి! ఇవాళ ఏదో వెతుకుతుంటే ఫోన్లో దొరికింది.

1965, హైదరాబాద్. ఆ ఆరుగురూ తమ పుస్తకాన్ని అర్ధరాత్రి పూట, నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. మంత్రి లేడు, శాలువా లేదు.

వాళ్లలో ఒకాయన బద్దం భాస్కరరెడ్డి అన్న తన పేరుని, దాని చివరున్న కులంతో సహా పక్కనపెట్టి చెరబండరాజు అయ్యారు. అక్కడ ఆగిపోయాను. పేరు మార్చుకోవడమంటే ఇంట్లో ఎంత గొడవ అయ్యుంటుందో!

డిగ్రీ దాకా తెలుగు చదివాను. క్లాసులో ఎవరూ వీళ్ల ఊసెత్తలేదు. నిజంగా బాధేసింది.

ఇంకో రెండు సంపుటాలున్నాయి. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, వచ్చి తీసుకుంటా. అట్ట వేసి మరీ తిరిగిస్తా.